పది కిలోల పేడతో పోయిన సారం తిరిగొస్తుందా?

రాజాం నుంచి రణస్థలం దాకా నేనున్న రైతు గ్రూపులన్నింటిలో ఒకటే మెసేజ్. "వానలకు కొట్టుకుపోయిన సారం ఒక్క పంటలో వెనక్కి. గత్తం తోలక్కర్లేదు. జీవామృతం నాలుగుసార్లు పారిస్తే సేంద్రియ కర్బనం 0.4 నుంచి 1 శాతానికి." గత్తం అంటే మాగిన పశువుల ఎరువు. జీవామృతం అంటే పేడ, పంచితం, బెల్లం కలిపి పులియబెట్టిన నీళ్ళు. సేంద్రియ కర్బనం అంటే కుళ్ళిన ఆకూ, పేడా నుంచి వచ్చి మట్టిలో నిలిచే కర్బనం, నేల సారానికి అదో కొలత. ఆ మెసేజ్ కింద ఇంకో నాలుగు ముక్కలు. చదువుకున్నవాళ్ళే పంపుతున్నారు, అందుకే నా బాధ.

అంగుళం మట్టి తయారవడానికి వందల ఏళ్ళు పడుతుందట. ఒప్పుకుంటాను.

దేశీ ఆవు పేడే వెయ్యాలట. గేదె గత్తం వేసినా, గొర్రెల మంద కట్టినా నేలకు చేరేది కర్బనమే. వదిలెయ్యండి.

గండి పడకపోతే మట్టి పోనట్టేనట. పల్చటి పొరగా పోయే మట్టి కంటికి ఆనదు. ఎకరాలో ఒక్క మిల్లీమీటరు పోయిందంటే 4 ఘనపు మీటర్లు, అంటే 5 టన్నుల పైమాటే. రెండు ట్రాక్టర్ల మట్టి. వాలు మీదున్న జీడితోటలో మొదళ్ళ దగ్గర చూడండి, ఒకప్పుడు మట్టిలో ఉన్న వేళ్ళు పైకి తేలి ఉంటాయి. ముందు పోయేది సన్నటి బంకమన్ను, దాన్ని అంటుకున్న కర్బనం. మనకు మిగిలేది ఇసుక, గులకరాళ్ళు.

ఇక అసలు విషం, "గత్తం తోలక్కర్లేదు" అన్న మాట. ఎకరాలో పై 15 సెంటీమీటర్ల మట్టి సుమారు 850 టన్నులు. కర్బనం 0.4 నుంచి 1 శాతానికి రావాలంటే అందులో 5 టన్నుల కర్బనం కొత్తగా చేరి, నిలవాలి. జీవామృతంలో ఏముంది? 200 లీటర్ల నీళ్ళు, 10 కిలోల పేడ, ఆవు పంచితం, రెండు కిలోల బెల్లం, రెండు కిలోల పప్పుల పిండి. పేడలో ఐదో వంతు కూడా ఎండు పదార్థం ఉండదు. అంతా కలిపితే కర్బనం మూడు కిలోలకు మించదు. నాలుగుసార్లు పోసినా పన్నెండు కిలోలు! మిగతా ఐదు వేల కిలోలు ఎక్కణ్ణుంచి వస్తాయండీ? "సూక్ష్మజీవులు తయారుచేస్తాయి" అంటారు. ఏం పెట్టి? అవి కర్బనాన్ని తిని బతికేవి. గాలిలోని కర్బనాన్ని పట్టి నేలకిచ్చేది పచ్చటి ఆకు. చొప్ప తగలబెట్టి, గత్తం మానేసి, డ్రమ్ములో నీళ్ళు పోస్తే ఆ సూక్ష్మజీవులు నేలలో ఉన్న కర్బనాన్ని కూడా తినేస్తాయి.

గత్తంతో కూడా ఒక్క పంటలో అయ్యే పని కాదిది. టన్ను మాగిన గత్తంలో సగం నీరే, ఉన్న కర్బనంలోనూ ఎక్కువ భాగం రెండు మూడేళ్ళలో గాలిలో కలిసిపోతుంది. నిలిచేది ముప్పై నలభై కిలోలు. ఎకరాకు ఏటా 4 టన్నులు తోలినా ఒక శాతం మాట దశాబ్దాల పని. ఎవరైనా ఇంతకంటే తొందరగా తెస్తామంటే లెక్క అడగండి.

ఆ మెసేజ్‌లో ఆఖరి ముక్క మాత్రం మిగతా అన్నింటికంటే విలువైనది: "వేసవిలో నేలను ఖాళీగా ఉంచకు." నూటికి నూరుపాళ్ళు నిజం. తొలకరికి ముందే చల్లిన నవధాన్యాలు గానీ, జనుము, జీలుగ గానీ వాన చినుకు దెబ్బను ఆకుల మీద కాస్తాయి, వేళ్ళతో మట్టిని పట్టి ఉంచుతాయి. ఏపుగా పెరిగిన జీలుగ కలియదున్నితే ఎకరాకు టన్నుల కొద్దీ పచ్చిరొట్ట. జీవామృతం పొయ్యాలనుంటే దాని మీద పొయ్యండి, నేను వద్దనను.

ఈ మెసేజ్ నమ్మి పెంటపోగు మొత్తం అమ్మేస్తానని మా గ్రూపులో ఒకాయన రాశాడు. బాబూ, అమ్మకు. ముందు వాలుకు అడ్డంగా దున్ని గట్లు సరిచేయించు, ఆ తర్వాత గత్తం తోలించు. గట్టు లేని చేలో వేస్తే మొదటి గట్టివానకే నాగావళి పాలవుతుంది.