ధర పెరిగింది సరే, ఎవరికి?

ప్రపంచ మార్కెట్లో పంటల ధర పెరిగిందన్న వార్త చూస్తే చాలు, నాకు ఒళ్లు మండిపోతుంది. పెరిగింది సరే, పండించినవాడికి చేరిందా?

చాక్లెట్‌కు ముడిసరుకైన కోకోనే చూడండి. ప్రపంచంలో పండే కోకోలో సగానికి పైగా పశ్చిమ ఆఫ్రికా దేశాలైన ఐవరీ కోస్ట్, ఘనాలదే. కాయను కత్తితో పగలగొట్టాలి. తెల్లటి గుజ్జు అంటుకున్న గింజలను చేత్తో తీయాలి. అరటాకులు కప్పి రోజుల తరబడి పులియబెట్టాలి, ఆపైన ఎండబెట్టాలి. ఇంత చాకిరీ చేసిన రైతుకు ఇచ్చే ధరను సీజనుకు ముందే ప్రభుత్వం కట్టేస్తుంది. 2024లో అంతర్జాతీయ ధర టన్నుకు 10,000 డాలర్లు దాటింది. అందులో అతని వాటా ఎంత? ధర పెరిగింది పంట తగ్గినందుకే. అసలు పంట ఎందుకు తగ్గింది? వానలు గతి తప్పాయి, తెగుళ్లు తోటలను తినేశాయి, ముసలి చెట్లు తీసి కొత్తవి నాటడానికి రైతు చేతిలో డబ్బు లేదు. ఏళ్ల తరబడి గిట్టుబాటు ధర ఇవ్వకపోతే ఎక్కడి నుంచి వస్తుంది?

ఇక ఎగుమతి నిషేధాలు! 2022 ఏప్రిల్‌లో ఇండోనేషియా పామాయిల్ ఆపింది, మేలో భారత్ గోధుమలు ఆపింది. దిగుమతి తిండి మీద బతికే పేద దేశాలు ఎవరిని అడగాలి? అప్పటికే నల్లసముద్రం ప్రాంతంలో రష్యా-ఉక్రెయిన్ యుద్ధం. సహజవాయువు ధర మండిపోతే దానితో తయారయ్యే యూరియా ధర కూడా మండింది. ఎక్కడో పేలిన బాంబుకు, ఎరువు కొనలేక పొలం గట్టున నిలబడిన మనిషి ఎందుకు మూల్యం చెల్లించాలి? చెప్పండి, ఎందుకు?