సీప్యాప్ ఉంటే 50 శాతం వచ్చేసినట్టేనా?

అమెరికా సైన్యంలో చేసి బయటికొచ్చినవాళ్ళ మధ్య స్లీప్ ఆప్నియా (నిద్రలో ఊపిరి మాటిమాటికీ ఆగే జబ్బు) మాట రాగానే ఎవరో ఒకరు అనేస్తారు: "మెషిన్ పెట్టించుకో, 50 శాతం ఇచ్చేస్తారు." మెషిన్ అంటే నిద్రలో మాస్కు గుండా గాలి తోసే సీప్యాప్, 50 శాతం అంటే అమెరికా మాజీ సైనికుల శాఖ వీఏ ఇచ్చే వైకల్యం రేటింగ్. ఈ సగం నిజం నమ్ముకునే బోలెడు క్లెయిమ్‌లు తిరిగొస్తున్నాయి.

వీఏ రేటింగ్ పట్టికలో ఆప్నియాది కోడ్ 6847. దాని కింద పగలంతా నిద్రమత్తు వదలకపోతే 30, ఊపిరికి మెషిన్ అవసరమైతే 50. అవసరమని డాక్టర్ రాయాలి. ఆన్‌లైన్‌లో కొని మంచం పక్కన పెట్టుకుంటే కుదరదు. దానికన్నా ముందు స్లీప్ స్టడీ (నిద్రలో ఊపిరిని కొలిచే పరీక్ష) ఉండాలి, ఇంట్లో చేసే టెస్ట్ అయినా ఫరవాలేదు. అది లేకుండా మీ గురక గురించి మీ ఆవిడ పది పేజీలు రాసిచ్చినా వీఏ లెక్కలో మీకు ఆ జబ్బే లేదు.

ఇదంతా ఎంత ఇవ్వాలన్న లెక్క. అసలు ఎందుకివ్వాలన్నది వేరే ప్రశ్న, ఫైళ్ళు పడిపోయేది అక్కడే. దానికి చాలామంది పట్టే దారి సెకండరీ క్లెయిమ్. అంటే, సర్వీస్ వల్లేనని వీఏ ఇప్పటికే ఒప్పుకున్న జబ్బు ఈ ఆప్నియాను తెచ్చిందనో ముదరబెట్టిందనో చూపించడం. అందరూ "పీటీఎస్‌డీ వల్ల ఆప్నియా వచ్చింది" అని ఒక్క ముక్క రాసి పంపుతారు (పీటీఎస్‌డీ అంటే భయానక అనుభవాల తర్వాత మిగిలే మానసిక జబ్బు). వీఏ తరఫున పరీక్ష చేసే డాక్టర్ దగ్గర దానికి జవాబు రెడీగా ఉంటుంది: నిద్రలో గొంతు కండరాలు వదులై గాలి దారి మూసుకుపోవడం ఈ జబ్బు, మనసులో గాయం గొంతు మూయదు. అంతే, డినయల్.

చాలామందికి పనికొచ్చే దారి బరువు మీదుగా వెళ్తుంది. ఊబకాయానికి వీఏ విడిగా రేటింగ్ ఇవ్వదు, మధ్య మెట్టుగా మాత్రం ఒప్పుకుంటుంది. వీఏ జనరల్ కౌన్సెల్ (ఆ శాఖ ముఖ్య న్యాయాధికారి) 2017లోనే ఇది రాసిపెట్టారు. సర్వీస్ జబ్బు ఉన్న బరువును ఇంకా పెంచినా లెక్కలోకి వస్తుందని 2020లో వాల్ష్ కేసులో వెటరన్స్ కోర్టు చెప్పింది. ఈ లింకును వివరిస్తూ మీ తరఫున లెటర్ రాసే డాక్టర్ మూడింటికి జవాబివ్వాలి. సర్వీస్ జబ్బు వల్ల బరువు పెరిగిందా? ఆప్నియాకు ఆ బరువు గట్టి కారణమా? ఆ బరువే లేకపోతే ఆప్నియా వచ్చేది కాదా?

జవాబులు కాగితాల్లోంచి రావాలి. ఉదాహరణకి: డిశ్చార్జ్ నాటికి 168 పౌండ్లు, డిప్రెషన్ మందు మిర్టాజపీన్ మొదలైన నెలలో 175, రెండేళ్ళకు 221, ఆ తర్వాత స్టడీలో ఏహెచ్ఐ (నిద్రలో గంటకు ఎన్నిసార్లు ఊపిరి ఆగిందో, తగ్గిందో చెప్పే అంకె) 24. తేదీలతో ఈ నాలుగు అంకెలుంటే లెటర్‌కి వెన్నెముక దొరికినట్టే. మోకాళ్ళు పోయి నడవలేక లావైనా లెక్క ఇదే. ఇక "కావచ్చు", "అవకాశం లేకపోలేదు" అని రాసిన లెటర్ చెత్తబుట్టకే. "కనీసం సగానికి సగం అవకాశం ఉంది, ఎందుకంటే..." అని ఉండాలి. ఆ 'ఎందుకంటే' లేని లెటర్‌కి డబ్బు కట్టకండి.

ఇంకో గొయ్యి: ఆస్తమాకి ఇప్పటికే 30 ఉంటే, ఆప్నియా 50 దాని మీద కలవదు. ఊపిరితిత్తుల కోడ్లలో ఎక్కువ తీవ్రమైనదానికి ఒకే రేటింగ్ ఇస్తారు. పీటీఎస్‌డీ 70తో అయితే కలుస్తుంది, 120 కాదు లెండి, 70 పోగా మిగిలిన 30లో 50 శాతమే కలిపి 85 వచ్చి 90కి సర్దుతారు.

కాగితాలు పోగయ్యేదాకా ఆగొద్దు. ముందు ఫారం 21-0966 (క్లెయిమ్ వేయబోతున్నానని చెప్పే కాగితం) పడేయండి, ఏడాదిలోపు అసలు క్లెయిమ్ వేస్తే బకాయి ఆ రోజు నుంచే లెక్కిస్తారు. గ్యారంటీ రేటింగ్ అంటూ మొదటి క్లెయిమ్‌కే వేల డాలర్లు అడిగేవాళ్ళను గుమ్మం తొక్కనివ్వకండి. వీఏ గుర్తింపు ఉన్న లాయర్ కూడా మొదటి క్లెయిమ్‌కి ఫీజు తీసుకోకూడదు, మాజీ సైనికుల సంఘాలైన డీఏవీ, వీఎఫ్‌డబ్ల్యూ వాళ్ళు ఉచితంగానే చేసిపెడతారు.

తిరస్కరిస్తే ఉత్తరంలో మీకు అనుకూలంగా ఒప్పుకున్న విషయాల భాగం ముందు చదవండి. జబ్బు ఉందని అక్కడ ఒప్పుకుని ఉంటే మళ్ళీ స్లీప్ స్టడీ పంపడం దండగ. లెటర్ ఒక్కటి సరిగ్గా రాయించి, ఏడాది దాటకుండా ఫారం 20-0995 (కొత్త ఆధారంతో మళ్ళీ వేసే క్లెయిమ్) వేయండి. ఫారం 20-0996 (పై అధికారి మళ్ళీ చూడాలని అడిగేది) వేస్తే కొత్త కాగితం ఒక్కటీ చూడరు.