పసుపు గీత గారికి ఓ బహిరంగ లేఖ

పసుపు గీత గారూ, నమస్కారమండీ. అమెరికా బేస్‌బాల్ పార్కుల్లో అవుట్‌ఫీల్డ్ గోడ, అంటే గ్రౌండ్ చివరుండే గోడ మీద ఉండి ఏది హోమ్ రన్ (మన క్రికెట్ సిక్సర్ లాంటిది) ఏది కాదు అని తేల్చేది మీరే కదా. గోడ మీద పిల్లి ఎటు దూకుతుందో చెప్పలేం అంటారు గానీ మీ ముందు ఆ పిల్లి చాలా నయం.

అనాహైమ్ సంగతే చూడండి. అక్కడి ఏంజెల్స్ టీమ్ స్టేడియంలో కుడివైపు గోడ 18 అడుగులు, దాని పైనుంచి పోతేనే హోమ్ రన్, గొడవే లేదు. 2018లో ఏం చేశారు, గోడ పడగొట్టలేదు, ఎత్తు తగ్గించలేదు, మిమ్మల్ని మాత్రం 8 అడుగుల దగ్గరికి దించి గీసేశారు. ఇంక చూస్కోండి, బాల్ వచ్చి పదడుగుల ఎత్తులో గోడకి ఠప్పున తగిలి మళ్ళీ గ్రౌండ్‌లోనే పడుద్ది, ఫీల్డర్ పాపం పరిగెత్తి అందుకుని సెకండ్ బేస్‌కి విసురుతాడు, బ్యాటర్ ఆగాలా పోవాలా తెలీక అంపైర్ మొహం చూస్తాడు, ఆయనేమో హోమ్ రన్ అని చెయ్యి పైకెత్తి గిరగిరా తిప్పుతుంటాడు. ముందు ఏడాది అదే దెబ్బకి డబుల్‌తో, అంటే రెండో బేస్ దాకా పోయి ఆగడంతో సరిపెట్టుకునేవాళ్ళు. అన్నట్టు ఎడంచేతి వాటం బ్యాటర్లు ఎక్కువగా కొట్టేది కుడివైపుకే, ఎడంచేతి వాటం స్టార్ బ్యాటర్ ఒహ్తాని ఆ టీమ్‌లోకొచ్చింది కూడా ఆ ఏడాదే, నేనైతే ఏమీ అనట్లేదు.

గీసేది ఓనర్లు, తిట్లు తినేది అంపైర్లు. 1958 తర్వాత కట్టే పార్కుల్లో బ్యాటర్ నుంచి గోడకి దూరం పక్కల కనీసం 325 అడుగులు, మధ్యలో 400 ఉండాలని రూలుంది. 2000లో కట్టిన శాన్‌ఫ్రాన్సిస్కో పార్కులో కుడిపక్క 309, 2009లో న్యూయార్క్ టీమ్ యాంకీస్ కొత్తగా కట్టుకున్నదాంట్లో 314. రూలు ఏ బీరువాలో ఉందో మరి.

అంపైర్లు వీడియో చూసి తేల్చే రీప్లే వచ్చింది కదా అంటారా, 2008లో వచ్చింది, మొదటిసారి వాడింది ఫ్లోరిడాలోని ట్రాపికానా ఫీల్డ్‌లోనే. ఆ పార్కు ఇంకో వింత, పైకప్పు కింద ఇనప నడకదారులు వేలాడుతుంటాయి, వాటికి ఏ, బి, సి, డి అని పేర్లు, సి, డి వాటికి బాల్ తగిలితే హోమ్ రన్, ఏ, బి వాటికి తగిలితే కాదు. మీకు అక్కడ గాల్లో కూడా చుట్టాలున్నారన్నమాట!

పోనీ రీప్లే చూశాకైనా తేలుద్దా? 2013 మే నెల, క్లీవ్‌లాండ్, తొమ్మిదో ఇన్నింగ్స్, ఇద్దరు అవుట్, ఓక్లాండ్ ఒక్క రన్ వెనక. ఓక్లాండ్ బ్యాటర్ రోసాలెస్ కొట్టిన బాల్ మీ పైనున్న రెయిలింగ్‌కి తగిలి వెనక్కొచ్చింది, అంటే హోమ్ రనే, టీవీ చూసేవాళ్ళందరికీ కనపడింది, అంపైర్లు లోపలికెళ్ళి చూసొచ్చి డబులే అన్నారు. ఓక్లాండ్ ఓడిపోయింది. మర్నాడు తప్పు జరిగిందని లీగ్ ఒప్పుకుంది గానీ రిజల్ట్ మాత్రం అంతే. మీరు గోడ అంచు మీద కాకుండా రెయిలింగ్‌కి ఇంకాస్త దూరంగా ఉండుంటే ఆ పంచాయితీయే లేదు కదండీ.

శాన్‌డియాగోలో నయం, పాత ఇటుక బిల్డింగ్ మూలకి పసుపు రంగేసి అదే ఫౌల్ పోల్, అంటే బాల్ లోపలా బయటా అని తేల్చే పక్క స్తంభం అన్నారు, బిల్డింగ్ కదలదు కాబట్టి బతికిపోయాం. బాల్టిమోర్‌లో ఆ ధీమా కూడా లేదు. 2022లో ఎడమ గోడని వెనక్కి జరిపి 13 అడుగులకి పెంచారు, సొంత బ్యాటర్లే తలలు పట్టుకుంటే 2025కి మళ్ళీ ముందుకి లాగారు. ఆ పెయింట్ డబ్బా మూత గట్టిగా బిగించొద్దని చెప్పండి, మళ్ళీ తియ్యాలిగా.

ఇట్లు,
మీరు ఎటున్నారో చూసుకున్నాకే చప్పట్లు కొట్టే ఓ అభిమాని