మహారాజశ్రీ రెజ్యూమే గారి సముఖానికి

అయ్యా,

ఇక్కడ నేను క్షేమం. మీరు క్షేమమేనని వేరే తెలుసుకోనక్కరలేదు. రాత్రి పడుకునే ముందు మిమ్మల్ని తెరిచి, ఎడమ మార్జిను కాస్త లోపలికి జరిపి, మళ్ళీ వెనక్కి జరిపి మూసింది నేనే కదా. డిగ్రీ ఆఖరి సంవత్సరంలో ఉన్నాను. ఉద్యోగం కావాలంటే ముందు తమరిని ప్రసన్నం చేసుకోవాలని పెద్దలు చెప్పారు. చేసుకుంటూనే ఉన్నాను. ఈ లోగా నాలుగు మాటలు విన్నవించుకుంటాను, చిత్తగించండి.

కొత్తగా చదువు ముగించినవారికే ఈ ఉద్యోగం అని ప్రకటన పైభాగంలో ఉంటుంది. రెండేళ్ళ అనుభవం తప్పనిసరి అని కిందిభాగంలో ఉంటుంది. పెళ్ళయితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్ళి కాదు. ఆ ప్రకటన రాసింది మీరు కాదని తెలుసు. కానీ 'అనుభవం' అని బొద్దు అక్షరాలతో శీర్షిక పెట్టుకుని, దాని కింద అంత తెల్లటి జాగా వదిలి నా వంక చూస్తున్నది మాత్రం మీరే.

అలాగని నేనేమీ చేయలేదా? కళాశాల గ్రంథాలయంలో కొన్నాళ్ళు సాయంత్రాలు పనిచేశాను. పాఠకులు తిరిగిచ్చిన పుస్తకాలను బండి మీద వేసుకుని, వెన్ను మీద అంటించిన సంఖ్య చూసి, ఎక్కడివి అక్కడ సర్దడం నా పని. చిన్న పనే. అయితే 510 దగ్గర ఉండాల్సిన గణిత పుస్తకం 570 దగ్గర జీవశాస్త్రంలో దూరిందంటే, కంప్యూటర్ లెక్కలో అది ఉన్నట్టే, అడిగిన మనిషికి లేనట్టే. అలాంటివాటిని పట్టుకోవడానికి ఒక ఒడుపు కావాలి. ముందుగా సర్దినవాళ్ళు ఏ అంకెను ఏ అంకెగా చదివి ఉంటారో ఊహించాలి. పై అరలో పొడవాటి పుస్తకాల వెనక్కి ఏవి జారిపోతాయో తెలిసి ఉండాలి. ఎవరికీ దొరకని పుస్తకాల చీటీలను లైబ్రేరియన్ గారు నా చేతికే ఇచ్చేవారు.

ఆ ముక్కే మీలో రాస్తే మా సీనియర్ ఒకరు నొసలు చిట్లించారు. 'సర్దాను' అనకూడదట. 'గ్రంథాలయ వనరుల సమగ్ర నిర్వహణకు సారథ్యం వహించాను' అనాలట. నేను తోలినది ఒక తోపుడుబండి. దానికీ ఒక చక్రం తిరిగేది కాదు.

మీ కొలువులో క్రియలకు కూడా హోదాలున్నాయని అప్పుడు అర్థమైంది. 'చేశాను', 'చూశాను', 'రాశాను' గుమ్మం దగ్గరే ఆగిపోవాలి. 'సమన్వయపరిచాను', 'రూపకల్పన చేశాను', 'నాయకత్వం వహించాను' వస్తే అగ్రతాంబూలం. నా మిత్రుడు వార్షికోత్సవానికి కుర్చీలు వేశాడు. మీ పుణ్యమా అని ఇప్పుడు 'ప్రేక్షకుల సౌకర్యాల ప్రణాళికకర్త'. నిజానికి ఆ రోజు జనం ఎక్కువై కుర్చీలు చాలకపోతే, పక్క తరగతి గదుల బల్లలు మోయించి వెనక నిలబడ్డవాళ్ళందరినీ కూర్చోబెట్టింది అతనే. ఆ సంగతి మీలో ఎక్కడా లేదు. ప్రణాళికకర్తలు బల్లలు మోయరేమో మరి.

నైపుణ్యాల పక్కన నక్షత్రాలొకటి. ఎక్సెల్‌కు నాలుగున్నర. ఆ అర నక్షత్రం ఎందుకు తగ్గిందని ఎవరైనా అడిగితే చెప్పడానికి నా దగ్గర జవాబు లేదు. ప్రశ్నపత్రం నాదే, పరీక్ష నాదే, మార్కులు నేనే వేసుకున్నాను. వినయం కోసం అర తగ్గించాను. అభిరుచుల జోలికి పోను. లోకంలోని విద్యార్థులందరికీ పుస్తక పఠనం, సంగీతం, ప్రయాణాలే ఎలా ఇష్టమయ్యాయో మీకే తెలియాలి.

ఇంతా చేసి, చదివేదెవరు? ముందు సాఫ్ట్‌వేర్ చదువుతుంది. రెండు నిలువు వరుసలుగా ముచ్చటగా అమర్చుకుంటే, కొన్ని సాఫ్ట్‌వేర్లు అడ్డంగా చదివేసి ఫోను నంబరును పక్క వరుసలోని ఈత అనే అభిరుచిలో కలిపేస్తాయి. అది దాటితే మనిషి. లాడర్స్ అనే అమెరికన్ ఉద్యోగాల వెబ్‌సైటు, నియామకాలు చూసేవారి కంటి కదలికలను గమనించి, మీ మీద తొలి చూపు సగటున 7.4 సెకన్లు నిలుస్తుందని 2018లో లెక్క చెప్పింది. 2012లో ఆ లెక్క ఆరు సెకన్లు. ఆరేళ్ళ సేవకు సెకనున్నర కూడా పెరగలేదు తమరికి. నా జీతం సంగతి ఇప్పటినుంచే తెలిసిపోతోంది.

ఆ కాసేపట్లో అన్నిటికంటే ముందు కంటపడేది పేరు. ఆర్థికవేత్తలు మరియాన్ బెర్‌ట్రాండ్, సెంధిల్ ముల్లైనాథన్ బోస్టన్, షికాగో ఉద్యోగ ప్రకటనలకు దాదాపు 5,000 కల్పిత రెజ్యూమేలు పంపి, 2004లో ఫలితాలు ప్రచురించారు. శ్వేతజాతివారివిగా తోచే పేర్లకు, నల్లజాతివారివిగా తోచే పేర్లకన్నా సుమారు 50 శాతం ఎక్కువ పిలుపులు వచ్చాయి. అంటే ఇంత దిద్దిన పేజీలో నేను ఎంచుకోని మాట పేరొక్కటే అయితే, బేరం అక్కడే తెగుతోందన్నమాట. ఇందులో నవ్వడానికేమీ లేదు, మీరూ నవ్వకండి.

మీ వంశవృక్షాన్ని లియొనార్డో డావిన్చీ దాకా తీసుకెళ్ళేవాళ్ళున్నారు. 1482 ప్రాంతంలో మిలన్ పాలకుడు లుదోవికో స్ఫోర్జా కొలువు కోరుతూ ఆయన రాసిన లేఖ ముసాయిదా ఇప్పటికీ ఉంది. ప్రభువుకు కావాల్సింది యుద్ధ సామగ్రి అని గ్రహించి, తేలికైన వంతెనలు, ఫిరంగులు, కప్పు వేసిన రథాలు అంటూ వరుసపెట్టాడు. బొమ్మలు వేయడం వచ్చన్న ముక్క చివర్లో ఎక్కడో ఉంటుంది. ప్రకటనకు తగ్గట్టు దరఖాస్తు మార్చుకోవడం ఆయనకూ తప్పలేదు. కానీ వీటిలో ఏదైనా అసాధ్యమనిపిస్తే మీ తోటలోనే చేసి చూపిస్తానని కూడా రాశాడు. నాకు కావలసింది ఆ వాక్యమే. మీలో ఎక్కడ పెట్టాలో తెలియడం లేదు. ఇప్పుడైతే ఆయన లేఖను పోర్టల్లో ఎక్కించాక, అందులో ఉన్నదంతా గళ్ళలో మళ్ళీ టైపు చేయమనేవారు. 'రథాల తయారీలో ఎన్నేళ్ళు' అన్నచోట సున్నా నొక్కగానే, మీ ఆసక్తికి ధన్యవాదాలు అని వచ్చేసేది.

కాబట్టి తమరి అనుమతి లేకుండానే ఒక మార్పు చేశాను. సారథ్యం తీసేశాను. 'తిరిగి వచ్చిన పుస్తకాలను సర్దాను. తప్పు అరల్లో చేరినవాటిని వెతికి తెచ్చాను' అని పెట్టాను. పేజీలో కాస్త జాగా మిగిలింది. మిగలనివ్వండి.

ఇట్లు,
తమ విధేయులు,
అనుభవం గడి ముందు నిలబడ్డవారు

తా.క.: నా గురించి చెప్పగల ఇద్దరి పేర్లు ఇమ్మంటున్నారు. లైబ్రేరియన్ గారు ఒప్పుకున్నారు. రెండో పేరుగా మీది ఇవ్వనా? నన్ను గురించి అంత గొప్పగా మాట్లాడేవారు ఇంకెవరూ దొరకలేదు.