నల్లద్రాక్ష స్క్వాష్, నాలుగు ఫైళ్లు

ఆంధ్రప్రదేశ్‌లో 2020-21లో డిగ్రీ సిలబస్ మార్చినప్పుడు మామూలు సబ్జెక్టుల పక్కకి లైఫ్ స్కిల్ కోర్సులు, స్కిల్ డెవలప్‌మెంట్ కోర్సులు అని రెండు కొత్త వరుసలు వచ్చి చేరాయి. ఒక్కోదానికి రెండు క్రెడిట్లు, వారానికి రెండు గంటలు. ఇవి కాక 180 గంటల కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు, ఆ పైన ఇంటర్న్‌షిప్‌లు. డిగ్రీ పట్టా పట్టుకుని బయటికి వెళ్లే పిల్లవాడికి పుస్తకంలోదే కాకుండా చేతిలో ఏదో ఒక పని, నలుగురిలో నాలుగు మాటలు మాట్లాడే నేర్పు ఉండాలన్నది ఉద్దేశం. ఉద్దేశంలో వంక పెట్టడానికి ఏమీ లేదు. దాన్ని టైంటేబుల్లో ఇరికించేటప్పుడే అసలు కథ మొదలవుతుంది. 2023-24 నుంచి మేజర్, మైనర్ పద్ధతి వచ్చి ఈ పేర్లన్నీ మళ్లీ మారాయి గాని, నేను చెప్పేది అంతకు ముందు సంగతి.

ఎవరికి ఏ కోర్సు అన్నది మా కాలేజీలో స్టాఫ్ మీటింగులో తేలేది. హిస్టరీ సార్‌కి ‘టూరిజం గైడెన్స్’. జువాలజీ మేడమ్‌కి ‘పౌల్ట్రీ ఫార్మింగ్’. ఆవిడ పక్కా శాకాహారి, కోడిని చూస్తే రెండడుగులు వెనక్కి వేస్తారు. ఫిజిక్స్ సార్ థిన్ ఫిల్మ్స్ మీద పీహెచ్‌డీ చేసిన మనిషి. ఆయనకి ‘ఎలక్ట్రికల్ అప్లయన్సెస్’ ఇచ్చిన దగ్గర్నుంచి స్టాఫ్ రూముకి ఇళ్లనుంచి మిక్సీలు రావడం మొదలైంది. తెలుగు చెప్పుకునే నాకు ‘జర్నలిస్టిక్ రిపోర్టింగ్’. ‘హ్యూమన్ వాల్యూస్ అండ్ ప్రొఫెషనల్ ఎథిక్స్’ మాత్రం ఎవరికీ వద్దు. దాన్ని తప్పించుకోవడానికి ఆ మీటింగులో ఎవరెవరు ఎన్ని అబద్ధాలు ఆడారో రాస్తే అదే ఒక మంచి సిలబస్ అవుతుంది.

ఇచ్చిన కోర్సుల్లో తనకు నచ్చింది విద్యార్థి ఎంచుకోవచ్చని గైడ్‌లైన్స్‌లో ఉంది. ఎంచుకుంటాడు కూడా. ఆ పీరియడ్‌లో ఏ లెక్చరర్ ఖాళీగా ఉంటే ఆ కోర్సే అతనికి నచ్చుతుంది.

వీటన్నిటిలో పిల్లలు నిజంగా ఎగబడి చేరింది ఒక్కదానిలోనే. బోటనీ మేడమ్ చెప్పే పండ్లు, కూరగాయల నిల్వ కోర్సు. కారణం వేరే చెప్పక్కర్లేదు, ప్రాక్టికల్ అయ్యాక మిగిలింది తినొచ్చు. హాజరు నూటికి నూరు. ఇంగ్లీషు క్లాసుకి మొహం చూపించని వాళ్లు కూడా టొమాటో కెచప్ రోజు స్పూన్లు తెచ్చుకుని మరీ వచ్చారు.

ఇలా ఉండగా అకడమిక్ ఆడిట్ వస్తోందని కబురొచ్చింది. ఆడిట్ అంటే వేరే కాలేజీల నుంచి సీనియర్ లెక్చరర్లు వచ్చి మన ఫైళ్లు చూడటం. చెప్పిన పాఠం వాళ్లకి కనపడదు కదా, కాబట్టి ఫైలు కనపడాలి. ఫైలంటే సర్క్యులర్, హాజరు పట్టిక, రిపోర్టు, ఫోటో. ఫోటో మీద ఊరు, తేదీ, అక్షాంశం, రేఖాంశం పడి ఉండాలి. అవి లేకపోతే మొక్క నాటినా నాటనట్టే లెక్క. ఆ వారమంతా కాలేజీలో ఎవరు ఎదురుపడినా “బావున్నారా” అనడం మానేసి “జియోట్యాగ్ ఉందా?” అని అడిగారు.

ప్రిన్సిపాల్ గారికి ఒక ఆలోచన వచ్చింది. “వచ్చినవాళ్లకి బజారు కూల్‌డ్రింకులు వద్దండీ. మన పిల్లలు చేసిన స్క్వాష్ ఇద్దాం. స్కిల్ అనేది గ్లాసులో కనపడాలి.”

అది నల్లద్రాక్ష కాలం. స్క్వాష్ అంటే ఏదో రసంలో పంచదార కలిపి పారెయ్యడం కాదని మేడమ్ నాకు స్టాఫ్ రూములో చాలా సేపు చెప్పారు. పండ్ల రసం పావు వంతుకి తగ్గకూడదట. పంచదారా గట్రా కలిసి నూటికి నలభై పాళ్లకి తగ్గకూడదట. పులుపుకి నిమ్మ ఉప్పు. ఆ మాత్రం తీపి సరుకుని కాపాడటానికి చాలదు కాబట్టి, బూజు పట్టకుండా, పులిసిపోకుండా ఇంకేదైనా వెయ్యాలి. నిమ్మ, నారింజ అయితే పొటాషియం మెటాబైసల్ఫైట్ వేస్తారు. నల్లద్రాక్షకి అది పనికిరాదు, రంగు వెలిసిపోతుంది. అందుకని సోడియం బెంజోయేట్. అదీ లీటరుకి ముప్పావు గ్రాము లోపే.

“తప్పు జరగడానికి వీల్లేదు మాస్టారూ” అన్నారావిడ. ఆ మాట అనకుండా ఉండాల్సింది.

ఇండెంటులో, అంటే కొనాల్సిన సరుకుల చీటీలో, మేడమ్ ‘సోడి. బెం. 100 గ్రా.’ అని రాశారు. సైన్సు వాళ్లకి పేరు మొత్తం రాయడం నామోషీ. కెమికల్స్ అమ్మే షాపు జిల్లా కేంద్రంలో ఉంది. అక్కడికి వెళ్లాలంటే బస్సు చార్జీలు కావాలి, దానికి ముందస్తు అనుమతి కావాలి, ఆ అనుమతి వచ్చేసరికి ద్రాక్షపళ్లు కిస్మిస్‌లవుతాయి. కాబట్టి అటెండరు ద్రాక్షపళ్లు, పంచదార, నిమ్మ ఉప్పు కొన్న వీధి చివర కిరాణా కొట్లోనే ఆ చీటీ కూడా చూపించాడు. తర్వాత విచారణలో తేలిన సంభాషణ ఇది.

“సోడి... సోడానా బాబాయ్? దేనికి?”

“జ్యూసులోకి.”

“తాగేదేనా?”

“తాగేదే. ఆడిట్ వాళ్లకి.”

“అయితే బట్టల సోడా కాదు, వంట సోడా.”

ఇందులో ఎవర్ని తప్పు పడతారు? కొట్టతను మనిషి ప్రాణం గురించి ఆలోచించాడు. అటెండరు వంద గ్రాములకి బిల్లు కూడా తెచ్చాడు. పైగా లేబుల్ లేని సరుకు ల్యాబులో కనపడకూడదని ఆ వారమే సర్క్యులర్ వచ్చింది. అంచేత ఆ పొట్లాం విప్పి ఖాళీ సీసాలో పోసి, ఇండెంటులో ఉన్నది ఉన్నట్టు ‘సోడి. బెం.’ అని గుండ్రటి అక్షరాలతో రాసి అంటించాడు. నిబంధనలు ఇంత శ్రద్ధగా పాటించిన పని మా కాలేజీలో ఆ ఏడాది ఇంకోటి లేదు.

ఆడిట్ రోజు పొద్దున మేడమ్ బోర్డు మీద కొలతలన్నీ రాసి, పిల్లలతో రసం తీయించి, పాకం పట్టించి, స్టీలు గిన్నెలో ఐదు లీటర్ల సరుకు తయారు చేయించారు. రంగు చూస్తే కళ్లు చెదిరాయి. ఇక ఆ పొడి ఒక్కటీ నీళ్లలో కలిపి పోసెయ్యడమే. సరిగ్గా అప్పుడు ప్రిన్సిపాల్ గారి గది నుంచి పిలుపు. పై ఆఫీసు వాళ్లతో వీడియో కాన్ఫరెన్స్ ఉంది, కోర్సు చెప్పేవాళ్లు తప్పనిసరిగా కనపడాలి. విషయం: స్కిల్ కోర్సుల అమలు తీరు.

“బోర్డు చూసి వేసెయ్యండర్రా” అని ఆవిడ పరిగెత్తారు.

బోర్డు మీద ‘లీటరుకి 0.7 గ్రా.’ అని ఉండాలి. మధ్యలో ఎవరి మోచెయ్యో తగిలి సున్నా, చుక్క రెండూ పోయాయి. ఐదు లీటర్లకి ఐదు ఏడులు ముప్ఫై ఐదు గ్రాములు. త్రాసు కెమిస్ట్రీ ల్యాబులో ఉంది, ల్యాబుకి తాళం ఉంది, తాళంచెవి కెమిస్ట్రీ సార్ జేబులో ఉంది. పిల్లలు సీసాని వెలుతురులోకి ఎత్తిపట్టి, మూడో వంతు ఎంతో కంటితోనే కొలిచి, గ్లాసుడు నీళ్లలో కలిపి గిన్నెలో కుమ్మరించారు.

పక్క గదిలో నేను నా రిపోర్టింగ్ క్లాసుకి ఎవరు, ఏమిటి, ఎప్పుడు, ఎక్కడ, ఎందుకు, ఎలా అని బోర్డు మీద రాస్తున్నాను. కేక వినపడింది. వెనక్కి తిరిగేసరికి బెంచీలు ఖాళీ. కోప్పడటానికి లేదు, వార్త ఎక్కడుంటే విలేకరి అక్కడుండాలని అరగంట నుంచి చెబుతున్నది నేనే.

నేను వెళ్లేసరికి గిన్నె పొంగుతోంది. పాలు పొంగినట్టు పైకి లేచి ఊరుకోలేదు, బుసబుసమంటూ ఆగకుండా వస్తోంది. బల్ల నిండింది, బల్ల మీద ఆడిట్ కోసం అట్టలేసి పెట్టిన రికార్డు పుస్తకాలు నిండాయి, అక్కడి నుంచి నేల మీదికి దిగింది. అప్పుడు ఒక కుర్రాడు, చాలా మంచి పిల్లవాడు, ప్రతి క్లాసులోనూ ముందు బెంచీ, మందు చాలక పొంగుతోందనుకుని సీసాలో మిగిలిందంతా అందులో బోర్లించాడు.

ఈసారి నురుగు రంగు మారింది. నిగనిగలాడే ఎరుపు కాస్తా ఊదా అయింది, ఊదా నీలమైంది, నీలంలో ఎక్కడో పచ్చదనం తేలింది. ఇద్దరు గిన్నెని పక్కకి జరపబోయి చేతులు జారి వదిలేశారు. గోడ మీద కిటికీ ఎత్తు దాకా మరక పడింది. అది ఇప్పటికీ ఉంది, చూపిస్తాను రండి. ఇంత జరుగుతుంటే ఒకడు వేలు ముంచి నాలిక మీద పెట్టుకుని, “సబ్బులా ఉంది సార్” అని నాకు రిపోర్టు చేశాడు. కోర్సు మహత్యం! రుచి చూడకుండా ఉండలేరు.

సెల్‌ఫోన్లు ఎన్ని లేచాయో లెక్క లేదు. అన్నిట్లోనూ జియోట్యాగ్ పడింది.

గుమ్మంలో ఎవరో దగ్గారు. ప్రిన్సిపాల్ గారు, ఆయన వెనక ఆడిట్ వాళ్లిద్దరు, వాళ్ల వెనక కాన్ఫరెన్స్‌లో అమలు తీరు బ్రహ్మాండమని అప్పుడే చెప్పి వచ్చిన బోటనీ మేడమ్. ఎవరూ మాట్లాడలేదు. నురుగు ఒక్కటే మాట్లాడుతోంది.

“ఇదేమిటండీ?” అన్నారు ఆడిట్ పెద్దాయన.

మేడమ్ నోరు తెరిచేలోపే కెమిస్ట్రీ సార్ తాళంచెవి ఊపుకుంటూ లోపలికొచ్చారు. ఒక్క చూపు చూశారు, ఇంత నురుగు వేలితో తీసి రుద్ది చూశారు, మొహం వెలిగిపోయింది. “ఆంథోసయనిన్లు సార్! ద్రాక్ష తొక్కలో రంగు. పులుపులో ఉంటే ఎరుపు, సోడా పడితే నీలం, ఇంకా పడితే ఆకుపచ్చ. లిట్మస్ కాగితం ఎందుకండీ మనకి?” అంటూ గ్లాసుడు ఆ సిరా నీళ్లు తీసుకుని, ఒక నిమ్మకాయ కోసి పిండారు. బుస్సుమని పొంగి, నీలం మెల్లగా ఎరుపెక్కింది. పిల్లలు ఒక్కసారిగా హోరెత్తించారు. “ఇంకోసారి సార్, ఇంకోసారి” అని మీద పడ్డారు. బీకాం వాళ్లు, అసలు కెమిస్ట్రీయే లేనివాళ్లు, కిటికీలెక్కి చూశారు. ఇరవై ఏళ్ల సర్వీసులో తన క్లాసుకి కిటికీలెక్కిన జనాన్ని ఆయన చూసింది ఆ రోజేనట. నిమ్మకాయలు అయిపోయేదాకా పిండుతూనే ఉన్నారు.

ఆడిట్ వాళ్లకి ఎన్ఎస్ఎస్ కుర్రాళ్లు పరిగెత్తి గోలీసోడాలు తెచ్చారు. పెద్దాయన తాగి, రికార్డులో ‘ప్రయోగాత్మక బోధన బాగున్నది’ అని రాసి, తడి రికార్డు పుస్తకాలు పక్కకి నెట్టి సంతకం పెట్టి వెళ్లిపోయారు.

వాళ్ల కారు గేటు దాటిందో లేదో పేచీ మొదలైంది. ఈ కార్యక్రమం ఎవరి ఫైలులోకి?

సరుకు నాది, పిల్లలు నావాళ్లు, కాబట్టి స్కిల్ కోర్సు ప్రాక్టికల్ అన్నారు బోటనీ మేడమ్. వివరించింది నేను, పైగా నేను చెప్పేది ‘ఫుడ్ అడల్టరేషన్’ కోర్సు, తినేదాంట్లో కలపకూడనిది కలిపితే ఏమవుతుందో ఇంతకంటే ఎలా చూపిస్తాను అన్నారు కెమిస్ట్రీ సార్. నేల కడిగింది మా వాలంటీర్లు అన్నారు ఎన్ఎస్ఎస్ ప్రోగ్రాం ఆఫీసర్. వాళ్లకి ఏడాదికి 120 గంటల సేవ లెక్క తేలాలి, ఆ జిగట వదిలేసరికి సాయంత్రమైంది మరి. నా క్లాసు వాళ్లు అప్పటికే వార్త రాసేశారు. ‘స్క్వాష్ పొంగి బోటనీ ల్యాబు నీలమయం’ అని శీర్షిక. చక్కగా, ఉన్నది ఉన్నట్టు రాశారు. నేను దాన్ని దిద్దాల్సి వచ్చింది. మర్నాడు జిల్లా పేజీలో ‘డిగ్రీ కళాశాలలో రసాయన ప్రయోగం విజయవంతం’ అని వచ్చింది. ఆ కటింగ్ నా ఫైలులో పెట్టుకున్నాను.

నాలుగు ఫైళ్లూ ప్రిన్సిపాల్ గారి బల్ల మీదికి చేరాయి. తిరగేసి, “నాలుగింట్లోనూ ఒకటే ఫోటో ఉందేమిటండీ? కనీసం వేరే కోణం నుంచి తీసింది పెట్టండి, ఫోన్లు బోలెడు ఉన్నాయి కదా” అని సంతకాలు చేశారు.

కాలేజీ నాణ్యత వ్యవహారాలు చూసే ఐక్యూఏసీ కోఆర్డినేటర్ దాన్ని ఏకంగా బెస్ట్ ప్రాక్టీస్ కింద, అంటే మిగతా కాలేజీలకి ఆదర్శమని, పంపిద్దామన్నారు. ఆ ఫారంలో ఉద్దేశం, సందర్భం, ఆచరణ, సాధించిన ఫలితం అన్నీ సులువుగానే నిండాయి. ఫలితం దగ్గర గోడ ఫోటో పెట్టారు. చివర్లో ‘ఎదురైన సమస్యలు’ అనే గడి దగ్గర ఆగిపోయారు. కిరాణా కొట్టు అన్నారు మేడమ్. మేడమ్ దస్తూరి అన్నాడు అటెండరు, గుమ్మంలో నిలబడి. త్రాసు తాళం అన్నాడు ముందు బెంచీ కుర్రాడు. వీడియో కాన్ఫరెన్స్ అని మాత్రం ఎవరూ అనలేదు. ప్రిన్సిపాల్ గారు అందరి మాటా విని, పెన్ను తీసుకుని ‘నిల్’ అని రాశారు.

“ఎండ మండిపోతోంది, అందరికీ గోలీసోడాలు పట్రావయ్యా” అన్నారు అటెండరుతో.

అతను కదల్లేదు. జేబులోంచి తెల్లకాగితం తీసి బల్ల మీద పెట్టాడు.

“పేరు పూర్తిగా రాసివ్వండి సార్.”