దేవుడి దగ్గర కూడా మొహమాటమేనా?

దేవుణ్ణి కోరికలు కోరడం భక్తి కాదు, బేరం అని ఎవరైనా అంటే నాకు ఒళ్ళు మండుతుంది. ఈ మాట అనేవాళ్ళని గమనించండి, చాలావరకు ఏ లోటూ లేనివాళ్ళే. వాళ్ళ నిష్కామ భక్తి వాళ్ళకి మంచిదే, కాదనను. కానీ ఆసుపత్రి బిల్లు కట్టలేక, కూతురి సంసారం నిలబడుతుందో లేదో తెలియక కొండెక్కి వచ్చిన మనిషికి "అలా అడగకూడదమ్మా" అని చెప్పే హక్కు వీళ్ళకి ఎవరిచ్చారు?

అసలు అడగకూడదని ఎక్కడుంది? గుడిలో పూజారి గారు సంకల్పం చెప్పేటప్పుడు ఒకసారి చెవిపెట్టి వినండి. క్షేమ, స్థైర్య, ధైర్య, విజయ, అభయ, ఆయురారోగ్య, ఐశ్వర్యాభివృద్ధ్యర్థం... అన్నీ అడగడమే కదా! మన తరఫున ఆయన అడుగుతారు, మనం గోత్రం, ఇంట్లోవాళ్ళ పేర్లు చెప్పి, తీర్థం పుచ్చుకుని వచ్చేస్తాం. సంకల్పం మీద నాకు గౌరవమే. అయితే ఆ 'ధైర్య' అన్న మాట దగ్గర నాకు దేనికి భయమో, 'ఆరోగ్య' అన్న మాట దగ్గర ఇంట్లో ఎవరు మంచాన పడ్డారో నేను చెప్పుకోవాలి. అది పూజారి గారికి ఎలా తెలుస్తుంది?

మన బెజవాడలో దసరాలకి, మూలా నక్షత్రం రోజున అమ్మవారిని సరస్వతీదేవిగా అలంకరిస్తారు. ఆ రోజు ఇంద్రకీలాద్రి మీద చూడాలి, పెన్నులు, పుస్తకాలు చేతిలో పట్టుకుని క్యూ అంతా పిల్లలే. వెనకాల నాన్న నిలబడి "మంచి ర్యాంకు రావాలని మొక్కుకో" అని చెవిలో చెబుతుంటాడు. ఆ పిల్లాడికి హాస్టల్లో నిద్ర పట్టట్లేదేమో, ఆ గ్రూపే ఇష్టం లేదేమో, వీకెండ్ టెస్టు అంటే కడుపులో తిప్పుతోందేమో. నాన్నకి చెప్పలేడు, లెక్చరర్‌కి చెప్పలేడు. చెప్పుకోడానికి మిగిలిన ఒక్క అమ్మ దగ్గర కూడా నాన్న అప్పజెప్పిన మాటే చెప్పి రావాలా? శ్లోకాలు నేర్పాం, మంచి పని. "తల్లీ, నాకు భయంగా ఉంది" అని చెప్పుకోవచ్చని మాత్రం మనలో ఎంతమంది నేర్పాం?

ఇది ఒక్క మతం సంగతి కాదు. గుణదల కొండ మీద ఫిబ్రవరిలో మేరీమాత తిరునాళ్ళకి వెళ్ళినవాళ్ళకి తెలుసు, అక్కడికి హిందువులూ వస్తారు, కొబ్బరికాయలు కొడతారు, తలనీలాలు ఇస్తారు. కొవ్వొత్తి వెలిగించి, పెదాలు కదుపుతూ నిలబడిపోయిన ఆడవాళ్ళని చూడండి. వాళ్ళు మాట్లాడేది పుస్తకంలో మాటలు కావని మొహం చూస్తేనే తెలిసిపోతుంది. మతాలు వేరు కావచ్చు గానీ ఇంట్లో తాగొచ్చే మొగుడు, కట్టాల్సిన ఫైనాన్స్, పిల్లకి తగ్గని జ్వరం అందరికీ ఒకటే.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్ నగర్ మునిగిందే, ఆ నీళ్ళు తీశాక మాకు తెలిసిన ఒకావిడ ఇంటికి బురద ఎత్తడానికి వెళ్ళాం. ఫ్రిజ్ బోర్లా పడి ఉంది, పరుపులు నీళ్ళు తాగి లేవట్లేదు, బియ్యం డబ్బాలో నుంచి ఒకటే కంపు. ఆవిడ అవన్నీ వదిలేసి, దేవుడి గూట్లో దుర్గమ్మ పటం తీసింది. అద్దం లోపలికి బురదనీళ్ళు పోయి అమ్మవారి మొహం సగం చెరిగిపోయింది. చీర కొంగుతో అద్దం తుడుస్తూ, "నీ ఇల్లు కొండ మీద ఉంది, నీకేం తెలుస్తుందే తల్లీ, నా ఇల్లు చూడు" అంది. పక్కనున్న పెద్దాయన ఒకరు "తప్పమ్మా, అపచారం" అన్నారు. నాకు ఆయన మీద కోపం వచ్చింది. రోజూ పూలు పెట్టిన చేతులవి, ఆ పటాన్ని తన మనిషి అనుకుంది కాబట్టే కదా ఆ మాట అనగలిగింది! పరాయివాళ్ళతో అలా మాట్లాడతామా ఎవరైనా?

భక్తుల్లో పెద్ద భక్తుడని మనం చెప్పుకునే గజేంద్రుడినే తీసుకోండి. మొసలి కాలు పట్టుకుంది, బలం అయిపోయింది, ప్రాణం పోతోంది. ఆ స్థితిలో, పోతన గారి భాగవతంలో, ఆ ఏనుగు అసలు ఆ దేవుడు ఉన్నాడా లేడా అని అనుమానపడుతుంది. మొరలోనే ఆ అనుమానం కూడా ఉంది! అయినా విష్ణుమూర్తి, లక్ష్మీదేవికి ఒక మాటైనా చెప్పకుండా, శంఖుచక్రాలు కూడా అందుకోకుండా ఉన్నపళంగా వచ్చేశాడు. ముందు నీ అనుమానం తీర్చుకుని, స్నానం చేసి, మడి కట్టుకుని పిలువు అనలేదు. ఈ కథ మనకి చిన్నప్పటి నుంచీ తెలుసు, అయినా మన అనుమానం, మన కోపం దేవుడి దగ్గర దాచుకోవాలనుకుంటాం.

మా నాన్న ఐసీయూలో ఉన్నప్పుడు, ఇది చదువు, అది ఇన్నిసార్లు జపించు, ఈ దీపం పెట్టు అని ప్రేమతోనే చాలామంది చెప్పారు. నాకు నోట్లోంచి ఒక్క శ్లోకం రాలేదు. ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని "నాన్నని ఉంచు, ఇంకేమీ వద్దు" అని మాత్రం అన్నాను. నాన్న దక్కలేదు. ఆ తర్వాత చాలా నెలలు దేవుడితో నేను మాట్లాడిందంతా కోపమే, బండి మీద ప్రకాశం బ్యారేజీ దాటుతూ హెల్మెట్ లోపల గట్టిగా అరిచేసిన రోజులున్నాయి. నాకు జవాబు వచ్చిందని చెప్పను. కానీ ఆ కోపం దాచుకుని కర్పూరం వెలిగించి ఉంటే, ఈపాటికి నాకు దేవుడితో మాటలే ఉండేవి కావు. ఇప్పటికీ ఉన్నాయి. రోజూ రాత్రి డాబా మీదకి వెళ్ళి, ఆ రోజు ఎవరి మీద అరిచానో, ఏ బాకీకి గడువు దగ్గరపడుతోందో, నాన్న ఎందుకు గుర్తొచ్చారో అన్నీ చెబుతాను.

కాబట్టి పెద్దలకి నా మనవి ఒక్కటే. క్యూలో మీ ముందు ఎవరైనా ఏడుస్తుంటే "గుళ్ళో ఏడవకూడదు" అనకండి. మీ పిల్లలు దేవుడి ముందు కళ్ళు మూసుకుంటే ఏం కోరుకోవాలో అందించకండి, బయటికొచ్చాక ఏం కోరుకున్నావని అడగకండి. ఆ ఒక్క నిమిషం వాళ్ళ మానాన వాళ్ళని వదిలేయండి.