చవకగా కనిపించే ఆసుపత్రి

మా చెల్లెలి కాన్పుకి ఓ ప్రభుత్వాసుపత్రిలో నాలుగు రోజులున్నాం. బిల్లు కట్టింది లేదు. ఇంటికొచ్చి చొక్కా జేబు తిరగేస్తే మాత్రం బయటి ల్యాబు రసీదు, ఇంజెక్షన్లు కొన్న మందుల షాపు చీటీ, హోటల్ బిల్లులు బయటపడ్డాయి. స్ట్రెచర్ తోసినతను, బిడ్డను చేతికిచ్చినావిడ పుచ్చుకున్నదానికి చీటీ ఎలాగూ ఉండదు.

సర్కారు దవాఖానా పెట్టిన డబ్బుకి తగ్గ పని చేస్తోందా అని కొలిచేటప్పుడు ఈ జేబు లెక్కలోకి రాదు. ఎక్కువగా చూసేవి మూడు: పడకలు ఎంత శాతం నిండాయి, ఏడాదిలో ఒక్కో పడక మీద ఎంతమంది మారారు, రోగి సగటున ఎన్ని రోజులున్నాడు. ఈ మూడింటినీ ఒకే గ్రాఫులో చూపే పద్ధతిని 1986లో పాబోన్ లాసో అనే పరిశోధకుడు ప్రతిపాదించారు. సగం ఖాళీగా పడున్న ఆసుపత్రిని అది ఇట్టే పట్టిస్తుంది. చిక్కల్లా కిక్కిరిసిన ఆసుపత్రితోనే. ఒకే మంచం మీద ఇద్దరు బాలింతలను పడుకోబెడితే తలసరి ఖర్చు తగ్గుతుంది. కుట్లు మానకముందే పంపేస్తే పడక త్వరగా ఖాళీ అవుతుంది. చీము పట్టి మళ్లీ వచ్చిందా, అది కొత్త అడ్మిషన్! కాగితం మీద రెండూ సమర్థతే.

ఖర్చు తేల్చడమూ తేలిక కాదు. జీతాలది ఒక పద్దు, మందులది వాటిని కొనిపెట్టే సర్కారు కార్పొరేషన్ పద్దు, జాతీయ ఆరోగ్య మిషన్ నిధులది మరో దారి. బోధనాసుపత్రి అయితే వైద్య విద్యార్థుల చదువు, పోస్టుమార్టాలు, పోలీసు కేసులు కూడా ఆ సిబ్బంది నెత్తినే. వాటిని రోగుల సంఖ్యతో భాగించి ‘ఖరీదైన ఆసుపత్రి’ అంటే ఎలా?

కాన్పులనే తీసుకోండి. 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో సిజేరియన్లు ప్రైవేటులో 81.5 శాతం, ప్రభుత్వాసుపత్రుల్లో 44.5 శాతం. నొప్పులు పడుతున్న మనిషి పక్కన రాత్రంతా కూర్చుని మామూలు కాన్పు చేయించిన నర్సు శ్రమకు ఏ పట్టికలోనూ గడి లేదు. కోత తప్పించడమూ ఫలితమేనని నా వాదన.

ఇక రోగి జేబు. 2017-18 జాతీయ నమూనా సర్వేలో, కాన్పులు మినహాయిస్తే, ఆసుపత్రిలో చేరిన ఒక్కో కేసుకు సగటు వైద్య ఖర్చు ప్రైవేటులో 31,845 రూపాయలు, ప్రభుత్వాసుపత్రిలో 4,452. తేడా పెద్దదే, కాదనను. కానీ ఉచితమన్న చోట ఆ 4,452 ఎందుకైంది? స్టోరులో మందు లేకపోతే ఆసుపత్రి ఖర్చు తగ్గుతుంది, రోగికి పెరుగుతుంది. పట్టికలో మొదటిదే కనిపిస్తుంది.

డిశ్చార్జి కాగితం మీద ‘బయట ఎంతైంది?’ అని ఒక గడి పెట్టడానికి పెద్దగా ఖర్చేం కాదు. ఆ రోజు మమ్మల్నడిగితే 6,200 అని రాసేవాళ్లం, చీటీ లేనివి వదిలేసి.